హైటెక్ సిటీ కొలువుకు బయోడేటా: కొన్న అనుభవం నిలవదు, చేసిన పని రాయండి

హైదరాబాద్ (మాదాపూర్): నల్గొండ నుంచి వచ్చే బస్సు ఎల్.బి.నగర్‌లో ఆగగానే భుజాన సంచి, చేతిలో ప్లాస్టిక్ కవరుతో దిగే యువతీ యువకులు ఏ రోజు చూసినా కనబడతారు. ఆ కవరులో పదో తరగతి మెమో మొదలు ఇంజనీరింగ్ పట్టా వరకు అన్నీ ఉంటాయి. అన్నిటికన్నా పైన బయోడేటా ఉంటుంది. అక్కడ మెట్రో రైలు ఎక్కి అమీర్‌పేటలో దిగాలి. మరో రైలు పట్టుకుంటే తొమ్మిదో స్టేషను రాయదుర్గం. బయటికి వస్తే హైటెక్ సిటీ కంపెనీల అద్దాల మేడలు.

ఈ దారిలో అమీర్‌పేట పెద్ద మలుపు. అక్కడి శిక్షణ కేంద్రాల్లో చదువుకుని నిజాయితీగా ఉద్యోగాలు తెచ్చుకున్న గ్రామీణ యువకులు వేలాదిగా ఉన్నారు. అదే పేటలో గోడల మీద, కరెంటు స్తంభాల మీద మరో రకం కాగితాలు కూడా కనబడతాయి. అనుభవం లేకపోయినా ఉన్నట్లు కాగితాలు ఇప్పిస్తామని చెప్పేవారు ఈ కాగితాల వెనుక ఉంటారు. రెండేళ్ళ అనుభవానికి ఒక ధర, మూడేళ్ళకు ఒక ధర. ఊళ్ళో అప్పు చేసి పంపిన డబ్బు అక్కడ ఖర్చవుతున్నది. అలా కొన్న బయోడేటా రాయదుర్గంలో నిలవడం లేదు.

బయోడేటాను అక్కడివారు రెజ్యూమే అంటారు. ఏ కొలువుకైనా అది నిజాయితీగా ఉండవలసిందే. అయితే ఈ మధ్య గ్రామీణ విద్యార్థులు కూడా ఎక్కువగా అడుగుతున్న ప్రాడక్ట్ మేనేజర్ ఉద్యోగానికి ఈ మాట మరింతగా వర్తిస్తుంది. ఆ ఉద్యోగంలో మొదటి పరీక్షే, చేసిన పనిని చేసినట్లు చెప్పగలగడం.

కుట్టు కూలి నుంచి సొంత సరుకుకు

హైటెక్ సిటీలో తొలి భవనమైన సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అంతకుముందు ఆ ప్రాంతమంతా రాళ్ళ గుట్టలు, తుప్పలు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో నెలకొల్పింది. 2004లో గూగుల్ వచ్చింది. 2019 ఆగస్టులో నానక్‌రాంగూడ వైపు అమెజాన్ తెరిచిన ఒక్క భవనంలోనే 15 వేల మంది పనిచేయడానికి చోటున్నది. కొత్త కంపెనీలు పెట్టేవారి కోసం రాష్ట్ర ప్రభుత్వం 2015లో టి-హబ్‌ను ఏర్పాటు చేసింది. 2022 జూన్‌లో అది రాయదుర్గంలోని పెద్ద భవనంలోకి మారింది.

మొదటి రోజుల్లో ఇక్కడి కంపెనీలు ఎక్కువగా విదేశాల వారు చెప్పిన సాఫ్ట్‌వేర్‌ను చెప్పిన కొలతకు తయారుచేసి ఇచ్చేవి. గుడ్డ, కొలత తెచ్చి ఇస్తే చొక్కా కుట్టిచ్చే దర్జీ పని వంటిది ఇది. ఆ పని ఇప్పటికీ ఉన్నది. దానితో పాటు సొంత సరుకు తయారుచేసి అమ్మే కంపెనీలు, విభాగాలు పెరిగాయి. కొలత ఇచ్చేవాడు లేకుండా చొక్కాలు కుట్టి దుకాణంలో పెట్టాలంటే, ఎవరికి ఎటువంటి చొక్కా కావాలో ముందే తెలుసుకునే మనిషి ఒకడు ఉండాలి. కంపెనీలలో ఆ మనిషినే ప్రాడక్ట్ మేనేజర్ అంటారు.

టీకొట్టులో పలికే పెట్టె

ఈ పని ఏమిటో తెలియాలంటే ఊరి టీకొట్టు దాకా వెళితే చాలు. 2016లో యు.పి.ఐ. చెల్లింపులు మొదలైన తర్వాత టీకొట్టు వారికి ఒక ఇబ్బంది వచ్చింది. ఒక చేత గిన్నె, మరో చేత జాలీ. గిరాకీ వచ్చినవాడు ఫోన్ చూపించి డబ్బు పంపానంటాడు. నిజంగా వచ్చిందో లేదో చూసుకోవడానికి చేతులు ఖాళీ ఉండవు. ఫోన్ తీసి చూసేసరికి టీ పొంగుతుంది. దీనికి పరిష్కారంగా వచ్చినదే డబ్బు అందగానే తెలుగులో పలికే పెట్టె.

పెట్టె తయారుచేసినవారు ఇంజనీర్లు. అయితే టీ పోసేవాని చేతులు ఖాళీ ఉండవని గమనించడం, చూపు కన్నా చెవి మేలని తేల్చడం, ఎంత శబ్దం రావాలో, ధర ఎంత ఉంటే కొంటారో ఆలోచించడం వేరే పని. వాడేవాని బాధ తెలుసుకుని, ఏది ముందు చేయాలో ఏది తర్వాత చేయాలో నిర్ణయించి, ఇంజనీర్లతో, అమ్మకాల వారితో మాట్లాడి పని జరిపించడమే ప్రాడక్ట్ మేనేజర్ ఉద్యోగం. కింద పనిచేసేవారు లేకపోయినా పదిమంది చేత పని చేయించవలసి ఉంటుంది.

ఈ ఆలోచన కంప్యూటర్ల కన్నా ముందే, సబ్బుల వ్యాపారంలో పుట్టింది. అమెరికాలోని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో నీల్ మెకెల్రాయ్ అనే యువ ఉద్యోగి 1931 మే 13న పైఅధికారులకు మూడు పేజీల నివేదిక రాశాడు. అప్పుడతను క్యామే సబ్బు ప్రచారం చూస్తున్నాడు. ఒక్కో సబ్బుకు ఒక్కో మనిషిని బాధ్యునిగా పెట్టాలని, అమ్మకం ఎక్కడ తగ్గిందో ఎందుకు తగ్గిందో అతనే వెళ్ళి పరిశీలించాలని ఆ నివేదిక సారాంశం. నేటి ప్రాడక్ట్ మేనేజర్ ఉద్యోగానికి మూలం అక్కడ ఉన్నదంటారు.

మన తెలుగువాడైన ఫణీంద్ర సామ కథ కూడా ఇక్కడ చెప్పుకోదగినది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ రావడానికి ఆయనకు బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నాయో ఏ ఏజెంటుకూ పూర్తిగా తెలియని పరిస్థితి అది. ఆయన, మిత్రులు కలిసి ఏజెంట్లను, బస్సుల యజమానులను, ప్రయాణికులను కలిసి మాట్లాడారు. 2006లో రెడ్‌బస్ మొదలైంది. 2013లో దానిని మరో పెద్ద సంస్థ కొనుగోలు చేసింది. టికెట్ దొరకక ఇబ్బందిపడినవారు అప్పట్లో వేలమంది. ఎందుకు దొరకలేదని ఆరా తీసినవారు కొద్దిమందే.

పెళ్ళి బయోడేటా కాదు

పల్లెల నుంచి వచ్చే బయోడేటాలు చాలావరకు పెళ్ళి సంబంధానికి రాసినట్లు ఉంటున్నాయి. తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, వివాహమైనదీ కానిదీ, ఇంటి నంబరుతో సహా చిరునామా, ఫోటో, చివర పైన రాసినవన్నీ నిజమని ఒక ప్రమాణం. ఈ ఉద్యోగాలకు ఇవేవీ అవసరం లేదు. ఆధార్, పాస్‌పోర్టు నంబర్లు ఎట్టి పరిస్థితిలోనూ రాయరాదు. పేరు, ఫోన్ నంబరు, ఈ-మెయిల్, ఉంటున్న ఊరు చాలును. ఈ-మెయిల్ పేరు కూడా సొంత పేరుతో ఉండాలి. సినిమా హీరో పేరుతో కాలేజీలో పెట్టుకున్నది పనికిరాదు.

కొత్తగా ఉద్యోగంలోకి వచ్చేవారికి ఒక్క పేజీ మించనక్కరలేదు. అమెరికాలో లాడర్స్ అనే ఉద్యోగాల సంస్థ 2018లో జరిపిన పరిశీలనలో, నియామకాలు చూసేవారు ఒక రెజ్యూమే మీద తొలి చూపులో వెచ్చించేది సగటున 7.4 సెకన్లని తేలింది. ఒక గుక్క మంచినీళ్ళు తాగినంత సేపు. అందుకే ముఖ్యమైన విషయం పై భాగంలోనే ఉండాలి.

మనిషి కంటికి చేరక ముందే పెద్ద కంపెనీలలో రెజ్యూమే కంప్యూటర్‌లోకి వెళుతుంది. దరఖాస్తులను వరుసగా పేర్చి, కావలసిన మాటలున్నవాటిని వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. హైదరాబాద్‌లోనే 2015లో పుట్టిన డార్విన్‌బాక్స్ వంటి సంస్థలు ఉద్యోగుల వ్యవహారాలకు ఇటువంటి సాఫ్ట్‌వేర్‌నే తయారుచేస్తున్నాయి. రంగుల గీతలు, పెట్టెలు, రెండు వరుసల అమరిక పెడితే యంత్రం సరిగా చదవలేకపోవచ్చు. సాదా అక్షరాలు, మామూలు శీర్షికలు మేలు. ప్రకటనలో కంపెనీవారు వాడిన మాటలు అభ్యర్థి నిజంగా చేసిన పనికి సరిపోతే ఆ మాటలే వాడాలి. చేయని పనికి ఆ మాటలు అతికిస్తే యంత్రం దాటవచ్చు గాని, ఎదుటి మనిషిని దాటలేరు.

ఎదుటివారికి ఏమి కావాలో చూసి రాయడం కొత్త విషయం కాదు. ఇటలీలో లియొనార్డో డావిన్సీ 1482 ప్రాంతంలో మిలాన్ ఏలిక లుడోవికో స్ఫోర్జాకు పని కోరుతూ ఒక లేఖ రాశాడు. యుద్ధాలలో మునిగి ఉన్న ఆ ఏలికకు తాను తేలికైన వంతెనలు, కోటలు పగలగొట్టే సాధనాలు ఎలా చేయగలడో వరుసగా చెప్పాడు. ప్రపంచమంతా ఎరిగిన చిత్రకారుడు తనకు బొమ్మలు వేయడం వచ్చునన్న మాటను చివరకు నెట్టాడు.

ఊరి పని కూడా అనుభవమే

మాకు అనుభవం లేదు, ఏమి రాయాలి? పల్లెల నుంచి వచ్చినవారి మొదటి ప్రశ్న ఇదే. కొనుక్కోవాలన్న ఆలోచన పుట్టేది కూడా ఇక్కడే. నిజానికి వారు చేసిన పని ఉంటుంది. అది పని అని వారికి తోచదు.

ఒక ఉదాహరణ చూద్దాం. వరికోతల సమయంలో ఐ.కె.పి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ధాన్యం తీసుకోరు. ఆరబెట్టి, టార్పాలిన్ కప్పి, తూకం వంతు కోసం రైతులు రాత్రిళ్ళు కుప్పల దగ్గరే పడుకుంటారు. ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి సెలవుల్లో ఇంటికి వచ్చి ఈ అవస్థ చూసిందనుకుందాం. రైతులను అడిగి, కేంద్రం నిర్వాహకులతో మాట్లాడి, వంతు వచ్చే ముందురోజు ఫోన్‌కు కబురు అందే పద్ధతి పెట్టింది. ఇదే ప్రాడక్ట్ మేనేజర్ చేసే పని.

అయితే ఆమె రెజ్యూమేలో దీనిని రాయదు. రాసినా, 'గ్రామాభివృద్ధి కార్యక్రమాలలో చురుకుగా పాల్గొన్నాను' అని ఒక ముక్క రాస్తుంది. ఈ ముక్క ఎవరైనా రాయవచ్చు. దానివల్ల ఆమె గురించి ఏమీ తెలియదు.

అదే పనిని ఇలా రాయవచ్చు: 'కొనుగోలు కేంద్రంలో వంతు ఎప్పుడు వస్తుందో తెలియక రైతులు రాత్రిళ్ళు కాపలా ఉండడం గమనించి 40 మందితో మాట్లాడాను. వంతు కబురును ఫోన్‌కు పంపే పద్ధతి రూపొందించాను. ఒక సీజన్‌లో 110 మంది వాడారు. ఎదురుచూపు సుమారు నాలుగు రోజుల నుంచి రెండు రోజులకు తగ్గింది.' ఇందులో ఎవరి కష్టం, ఏమి గమనించారు, ఏమి చేశారు, ఏమి మారింది అన్న నాలుగు విషయాలు ఉన్నాయి. ప్రతి వాక్యాన్ని ఈ నాలుగింటితో పరీక్షించుకోవాలి.

పై అంకెలు ఉదాహరణకు చెప్పినవి. రెజ్యూమేలో రాసే అంకె మాత్రం లెక్కపెట్టినదై ఉండాలి. లెక్క లేకపోతే అంకె వేయకుండా జరిగినది జరిగినట్లు రాయడమే ఉత్తమం. ఇంటర్వ్యూలో 40 మంది ఏమి చెప్పారని అడుగుతారు. అందులో ఎవరు ఒప్పుకోలేదు, ఎందుకు ఒప్పుకోలేదు అని అడుగుతారు. నిజంగా మాట్లాడినవారికి ఆ జవాబు తడుముకోకుండా వస్తుంది. ఫోన్ లేని ముసలి రైతుకు కబురు ఎలా అందించారన్న ప్రశ్నకు, అతని మనవడి ఫోన్‌కు పంపామనే జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు.

బత్తాయి తోట లెక్కలు ఫోన్‌లో రాసి తండ్రికి దళారి మోసం చూపించినవారు, పాల కేంద్రంలో వెన్న శాతం చీటీలను పట్టికగా కట్టినవారు, హాస్టల్ మెస్‌లో వృథా తగ్గించినవారు మన మధ్య ఉన్నారు. అనుకున్నట్లు జరగని పని అయినా పనికివస్తుంది. ఎక్కడ పొరపాటు జరిగిందో, దాని తర్వాత ఏమి మార్చారో ఒక వాక్యంలో రాస్తే చాలును.

రెజ్యూమే ఇంగ్లీషులోనే రాయవలసి ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివినవారు అక్కడే వెనుకాడి, ఇతరుల రెజ్యూమేను పేరు మార్చి వాడుకుంటున్నారు. దీనికి సులభమైన మార్గం ఉన్నది. ముందు చేసిన పనిని ఇంట్లో అమ్మకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పి, ఆ మాటలనే రాసుకోవాలి. తర్వాత చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలలోకి మార్చి, తెలిసిన ఉపాధ్యాయునికో, సీనియర్‌కో చూపించాలి. కంప్యూటర్ చేత రాయించే వీలు కూడా ఇప్పుడు ఉన్నది. భాష దిద్దడానికి అది మంచిదే. చేయని పనిని అది చేర్చినప్పుడు తీసివేయవలసిన బాధ్యత అభ్యర్థిదే.

అబద్ధం ఎక్కడ పట్టుబడుతుంది?

కొన్న అనుభవం ఎలా బయటపడుతుందో తల్లిదండ్రులు కూడా తెలుసుకోవాలి. ఉద్యోగం ఖాయం చేసే ముందు, కొన్నిచోట్ల చేరిన తర్వాత కూడా, కంపెనీలు అభ్యర్థి పూర్వాపరాలను వేరే సంస్థల ద్వారా తనిఖీ చేయిస్తాయి. భవిష్యనిధిలో ఉన్న ప్రతి ఉద్యోగికి 2014 నుంచి 12 అంకెల యు.ఎ.ఎన్. నంబరు ఇస్తున్నారు. ఏ కంపెనీలో ఏ తేదీన చేరారు, ఏ తేదీన మానారు అన్నది దాని కింద కనబడుతుంది. ఆదాయపు పన్ను కాగితాలు, బ్యాంకులో జీతం జమ అయిన లెక్క కూడా అడుగుతారు. ఐ.టి. ఉద్యోగుల వివరాల తనిఖీ కోసం నాస్కామ్ 2006లోనే నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీని ప్రారంభించింది.

దొంగ కాగితం ఒక లెక్కలో తప్పించుకున్నా మరో లెక్కలో దొరుకుతుంది. అప్పటికి ఆరు నెలలు పనిచేసినా తొలగిస్తారు. ఆ కంపెనీ తలుపు మళ్ళీ తెరుచుకోదు. నకిలీ పత్రాలు తయారుచేయడం, వాడడం నేరం కూడా. డబ్బు తీసుకున్న మనిషి మాత్రం అప్పటికి అక్కడ ఉండడు. శిక్షణ, ఉద్యోగం రెండూ ఇస్తామని లక్షలు వసూలుచేసి రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసిన సంస్థల వార్తలు పలుమార్లు వచ్చాయి. సక్రమమైన కంపెనీ ఏదీ ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడగదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా ఎన్నో ఇళ్ళలో అప్పు తప్పుతుంది.

మొదటి మెట్టు మీదనే మొదలు

మరో వాస్తవం కూడా చెప్పుకోవాలి. చదువు ముగించగానే ప్రాడక్ట్ మేనేజర్ ఉద్యోగం దొరకడం అరుదు. కొన్ని పెద్ద కంపెనీలు అసోసియేట్ పేరుతో కొద్దిమందిని నేరుగా తీసుకుంటాయి. గూగుల్ ఈ పద్ధతిని 2002లో మొదలుపెట్టింది. ఆ కొద్ది స్థానాలకు పెద్ద విద్యాసంస్థల వారితో పోటీపడాలి. ఎక్కువమంది ప్రోగ్రామింగ్, టెస్టింగ్, కస్టమర్ సపోర్ట్, బిజినెస్ అనలిస్ట్ వంటి పనులలో కొన్నేళ్ళు ఉండి ఇటు మారినవారే.

సపోర్ట్ ఉద్యోగాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. రోజుకు అనేకమంది వినియోగదారుల ఫిర్యాదులు వినేవానికి, సరుకులో లోపం ఎక్కడుందో అందరికన్నా ముందు తెలుస్తుంది. ఏ ఫిర్యాదు ఎన్నిసార్లు వచ్చింది, దానిపై ఏమి సూచించారు, ఆ తర్వాత ఫిర్యాదులు తగ్గాయా లేదా అన్నది చిన్న పుస్తకంలో రాసుకుంటూ పోవాలి. రెండేళ్ళ తర్వాత రెజ్యూమేకు కావలసినదంతా ఆ పుస్తకంలో ఉంటుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో, అదే ఏడాది ఏర్పడిన బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐ.టి.లతో పల్లె పిల్లలకు ఇంజనీరింగ్ అందుబాటులోకి వచ్చింది. చాలా ఇళ్ళలో వీరే తొలి పట్టభద్రులు. రెజ్యూమే ఎలా రాయాలో చెప్పే అన్నయ్య, బాబాయి ఆ ఇళ్ళలో లేరు. ఆ లోటును చూసే దళారులు వ్యాపారం చేసుకుంటున్నారు. కళాశాలల్లో చివరి సంవత్సరం కన్నా ముందే ఈ విషయం నేర్పవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. ఇప్పటికే ఉద్యోగాలలో ఉన్న ఊరివారు పండుగలకు వచ్చినప్పుడు నలుగురు పిల్లలను కూర్చోబెట్టి వారి రెజ్యూమేలు దిద్దినా మేలు జరుగుతుంది.

పంపే ముందు చూసుకోవలసినవి

- ఒక్క పేజీ. సాదా అక్షరాలు. ఫోటో, తండ్రి పేరు, మతం, ఆధార్ నంబరు వద్దు.
- ప్రతి పనికి ఎవరి కష్టం, ఏమి గమనించారు, ఏమి చేశారు, ఏమి మారింది.
- లెక్కపెట్టిన అంకె మాత్రమే. గుంపుగా చేసిన పనిలో సొంత వాటా ఎంతో స్పష్టంగా.
- ప్రతి కంపెనీకి దాని ప్రకటన చదివి, వాక్యాల వరుస మార్చి పంపాలి.
- చదువులో ఖాళీ సంవత్సరం ఉంటే దాచవద్దు. కారణం అడిగితే ఉన్నది చెప్పాలి.
- చేయని పని ఒక్కటి కూడా ఉండరాదు.

నల్గొండ బస్సు దిగే పిల్లల చేతి కవరులో పట్టాలు, మెమోలు అందరికీ ఒకే తీరుగా ఉంటాయి. తేడా తెచ్చేది పైనున్న ఆ ఒక్క పేజీ. తూకం దగ్గర, పాల కేంద్రం దగ్గర, తోటలో వారు చూసినది, చేసినది అందులో ఉంటే, అమీర్‌పేటలో డబ్బిచ్చి అనుభవం కొనుక్కునే అవసరం ఉండదు.